నిప్పు గుంటకి ముక్కు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు మా అమ్మ చీకటి పడ్డాక బయటికి పంపితే చేతిలో వేపకొమ్మ పెట్టి పంపేది. నేను వీధి మలుపు తిరగ్గానే దాన్ని విరిచి పళ్లు తోముకునేవాణ్ని. ఇరవై ఆరేళ్లుగా విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా తమ ఊళ్లో జరిగిన వింత చెప్పడం మొదలుపెడితే, అందులో లొసుగు ఎక్కడుందో పట్టుకుని నవ్వించేది నేనే. ఇది చదివి మాస్టారికి ఏమైందని నవ్వుకునేవాళ్లు మా కాలేజీలోనే ఉంటారు. నవ్వుకోనివ్వండి.

నేను చెప్పబోయే దాంట్లో దెయ్యం లేదు. చనిపోయిన మనిషి కూడా లేడు. ఎవరి గురించి రాస్తున్నానో ఆయన ఈ రోజుకీ బతికే ఉన్నాడు.

రాయడానికి రెండు కారణాలు. ఒకటి, నా కళ్లతో చూసిన ఒక విషయానికి నా దగ్గర లెక్క కుదరడం లేదు. రెండోది ముఖ్యమైనది. మా తోటలో ఉన్న నిప్పు గుంట గురించి రెండేళ్లుగా నేను నలుగురికీ చెప్పిన మాట అబద్ధం. దాన్ని చూసి ఇప్పటికీ గర్వపడతాను. అది నా గొప్ప కాదని ఒప్పుకున్నాక ఇంకా ఎక్కువ గర్వపడుతున్నాను.

చీపురుపల్లి వెళ్లే రోడ్డులో, ఊరు దాటిన తర్వాత, పన్నెండు సెంట్లలో మేం ఇల్లు కట్టుకున్నాం. ఇల్లు చిన్నది, తోట పెద్దది. తోటలో ఏదైనా కొత్తగా ఉండాలని నా ఆశ. ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఫైర్ పిట్ అనేది కనిపించింది. నేలలోకి మూడడుగులు దిగిన గుండ్రటి గొయ్యి, దిగడానికి మెట్లు, చుట్టూ కూర్చోవడానికి రాతి అరుగు, నడుమ మళ్లీ ఒక చిన్న గుంట. ఆ గుంటలో మంట. చలికాలం సాయంత్రాలు అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. గాలి తగలదు, నిప్పు రవ్వలు తోటలోకి పోవు.

మా ఆవిడ విజయ వినగానే నవ్వేసింది. ఏడాదికి పది నెలలు చెమటలు కక్కే ఊళ్లో జనం వాయిదాల మీద ఏసీలు కొనుక్కుంటుంటే మా ఆయన నిప్పు కోసం గొయ్యి తవ్విస్తున్నాడని వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది. ఆ తమ్ముడు రమణ. నోరు మంచిది కాదు, మనసు మంచిది. వారానికోసారి మా ఇంటికి వస్తాడు.

నేను కాగితం మీద కొలతలతో బొమ్మ గీశాను. మా ఇల్లు కట్టిన తాపీ మేస్త్రి గురువులు దాన్ని చూసి, రాతి పని తాను చేస్తానన్నాడు. కానీ నిప్పు మండే గోతిని తవ్వడానికి మాత్రం వేరే మనిషి కావాలని పైడయ్యను తీసుకొచ్చాడు.

పైడయ్యకు అప్పటికి అరవై ఐదు దాటాయి. చీపురుపల్లి అవతల చిన్న ఊరు. జీవితమంతా బెల్లం పొయ్యిలు కట్టాడు. చెరకు రసం కాచే పెద్ద పెనం కింద నేలలోకి తవ్వే పొయ్యి అది. చెరకు పిప్పి తప్ప వేరే కట్టెలు వాడకుండా, గంటల తరబడి ఒకే తీరుగా మండాలి. మంట తగ్గితే పాకం జారిపోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో గానుగ పెట్టేవాళ్లు ముందు పైడయ్యకు కబురు చేసి, తర్వాతే ముహూర్తం చూసుకునేవారని గురువులు చెప్పాడు. బెల్లం వండేవాళ్లు తగ్గిపోయాక ఆయనకి పని తగ్గిపోయింది. ఆయన కూతురు చిన్నమ్మి చిన్నప్పటి నుంచీ తండ్రితో పాటే మట్టి తొక్కి పని నేర్చుకుందట. ఇద్దరూ కలిసి హాస్టళ్లకీ హోటళ్లకీ పొయ్యిలు కట్టి బతుకుతున్నారు.

మొదటి రోజు ఆయన పార పట్టుకోలేదు. సాయంత్రం వరకూ తోటలో చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. నాకు ఒళ్లు మండింది. విజయ మాత్రం ఆయనకి టీ ఇచ్చి, ఇన్ని చుట్టలు కాలిస్తే నిప్పంటే భయం పోతుందా అని అడిగింది.

"మా ఊరి ఆడోలు నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డచుట్ట కాలుస్తారమ్మా. ఆలతో కాపరం సేసినోడికి నిప్పంటే బయమేటి?" అన్నాడు.

ఆయన చూస్తున్నది చుట్ట పొగ ఎటు పోతోందో అని నాకు ఆ తర్వాత తెలిసింది. సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే గాలి మా తోటలో నిమ్మచెట్టు పక్కగా లోపలికి తిరుగుతుంది. ఆ ఇంట్లో ఉంటూ నేను గమనించని సంగతి, ఆయన రెండు సాయంత్రాల్లో చూశాడు.

మూడో రోజు తవ్వకం మొదలైంది. మా స్థలమంతా ఎర్ర కంకర నేల, గునపం ఎగిరి పడుతుంది. అయినా మూరలతో, జానలతో కొలుచుకుంటూ నా బొమ్మలో ఉన్నట్టే గుండ్రంగా తవ్వాడు. తర్వాత ఒక రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, నా బొమ్మలో లేనిది ఒకటి కనిపించింది. నడిమి గుంట అడుగు నుంచి నిమ్మచెట్టు దాకా తొమ్మిది మూరల పొడవున ఒక కాలువ. అందులో గూనపెంకులు. కింది వరస వెల్లకిలా, పై వరస బోర్లా, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గొట్టంలా పేర్చాడు. సందులకి మట్టి మెత్తుతున్నాడు.

ఆ కాలువ నేను కాలిబాట కోసం కొన్న రాళ్లు పరవాల్సిన చోటు నుంచి పోతోంది. జామచెట్టు వేరు ఒకటి కూడా తెగింది. ఇదేంటని అడిగాను.

"ముక్కు బాబూ. నేల మీద మంటకి సుట్టూరా గాలుంటాది. గోతిలో నిప్పుకి ఊపిరాడదు. దానికి ముక్కెట్టాల."

ఆ రోజు రమణ తన స్నేహితుణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి ఉన్నాడు. వాళ్లిద్దరి ముందు నాకు పరువు పోయినట్టనిపించింది. పొయ్యిలు తవ్వుకునేవాడివి, నాకు గాలి గురించి పాఠం చెప్తావా అన్నాను. నేను గీసింది గీసినట్టు చేయమన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయలేను.

అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా పిల్లలకి వేడి గాలి పైకి ఎలా పోతుందో, దాని చోటులోకి చల్లగాలి ఎలా వస్తుందో బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెబుతున్నవాణ్ని. గోతిలో మంటకి గాలి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టిన మనిషిని తిట్టాను.

పైడయ్య మళ్లీ కాలువ మీదికి వంగాడు. పై వరస పెంకులు తీసి గోనెసంచిలో కట్టుకున్నాడు. కాలువలో కంకర పోసి పూడ్చడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. పద్దెనిమిది తట్టల కంకర పట్టింది. దిమ్మిసతో గట్టిగా కొట్టాడు. మర్నాడు గురువులు గుంట అడుగున కాలువ తెరుచుకునే రంధ్రానికి అడ్డంగా ఇటుకలు కట్టి సిమెంటు చేశాడు. కాలువ మీద కాంక్రీటు పోసి బాట రాళ్లు పరిచాడు. ఇల్లు కట్టినప్పటి నుంచీ ప్రతి పనికీ ఫోటో తీయడం నాకు అలవాటు. పూడ్చిన కాలువ, కట్టిన ఇటుకలు, పోసిన కాంక్రీటు అన్నిటికీ ఫోటోలు ఉన్నాయి.

వెళ్లేముందు పైడయ్య నా దగ్గరికి వచ్చాడు.

"పూడ్సీసేను బాబూ. పొగెట్టిన పొయ్యి పైడయ్యది అనిపించుకోనేను. నా పేరు సెప్పకండి. పొగ లేకండా మండిన నాడు సెప్పుదురు."

పోతూ పోతూ విసురుగా అన్న మాటేలే అనుకున్నాను. ఆ మాటలో మొదటి సగమే నేను గుర్తుపెట్టుకున్నాను.

డిసెంబరులో మొదటిసారి మంట వేశాం. రమణ కుటుంబాన్ని పిలిచాం. సరుగుడు కర్రలు పేర్చి నేనే వెలిగించాను. కాసేపటికి గొయ్యంతా పొగ. ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి పరుగెత్తారు. రమణ మాత్రం దగ్గుతూ అక్కడే కూర్చున్నాడు.

"బావా, దోమలకి మంచి ఏర్పాటు సేసినావు. మనుసులకి ఏటైనా ఉన్నాదా?" అన్నాడు.

ఆ తర్వాత ఇనుప జల్లెడ పెట్టించాను. కర్రలు ఎండబెట్టాను. నిలువుగా పేర్చాను, అడ్డంగా పేర్చాను. ఏం చేసినా అదే పొగ. బట్టలు ఆరేస్తే పొగ వాసన వస్తోందని విజయ గొడవ. భోగికి ఎలాగూ మంట వేస్తాం, దానికి ఇంత గొయ్యెందుకు, ఇందులో అరటి పిలకలు నాటిద్దామని నిశ్చయించేసింది.

జనవరి నెలాఖరున ఒక ఆదివారం, సాయంత్రం ఐదు దాటింది. తోట ఊడిస్తే వచ్చిన ఎండుటాకులు, నాలుగు పుల్లలు తెచ్చి గుంటలో వేసి నిప్పంటించాను. మామూలుగా అయితే ఆకులు గంటసేపు పొగలు కక్కేవి. ఆ రోజు భగ్గున అంటుకున్నాయి. మంట నిలువుగా, పొగ లేకుండా లేచింది. గుంట అడుగు నుంచి సన్నగా శబ్దం వస్తోంది. నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంటే వినిపించే శబ్దం లాంటిది. ఇంకాసేపటికి తోటంతా బెల్లం వాసన. మామూలు బెల్లం కాదు, పొయ్యి మీద పాకం తిరిగేటప్పుడు వచ్చే వాసన. విజయ వంటింట్లోంచి బయటికి వచ్చి, ఈ పక్కన ఎవరు బెల్లం కాస్తున్నారని అడిగింది. మా పక్కన ఉన్నవి రెండు ఖాళీ స్థలాలు.

గాలి అనుకూలంగా ఉంది అనుకున్నాను. మర్నాడూ వేశాను. అంతే. ఆ తర్వాత ఎప్పుడు వేసినా అంతే. తడిగా ఉన్న కర్ర కూడా ఆ గుంటలో రెండు నిమిషాలు చిటపటలాడి తర్వాత మంటెత్తేది. బెల్లం వాసన నెల రోజుల్లో మెల్లగా తగ్గిపోయింది.

ఎందుకు బాగుపడిందో నాకు తెలియదు. తెలియదని ఎవరికీ చెప్పలేదు. జల్లెడ ఎత్తు మార్చానని, గుంట లోతుకీ వెడల్పుకీ ఉండాల్సిన నిష్పత్తి పట్టుకున్నానని చెప్పాను. మొదట రమణకి చెప్పాను. తర్వాత స్టాఫ్ రూములో చెప్పాను. అక్కడి నుంచి జనం రావడం మొదలైంది. రెండు చలికాలాలు మా తోట ఖాళీగా లేదు. విజయనగరం నుంచి కుటుంబాలతో వచ్చి అరుగు మీద కూర్చునేవారు. పొగ రాని నిప్పు గుంట, అదీ మాస్టారు సొంతంగా లెక్క కట్టి చేసింది అని ఒకరికొకరు చెప్పుకునేవారు. నాకు చాలా గొప్పగా ఉండేది.

గుంట బాగుపడిన ఆ ఫిబ్రవరిలోనే అనుకుంటాను, గురువులు ఫోన్ చేసి పైడయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిందని చెప్పాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చిందట. అయ్యో అన్నాను. చూడ్డానికి వెళ్లలేదు. మా గుంట పొగ మానడానికి ముందే ఆయన మంచం పట్టాడన్న సంగతి అప్పుడు నాకు తోచనైనా లేదు.

గత అక్టోబరులో ఒక సాయంత్రం చిన్నమ్మి మా ఇంటికి వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. చేతులు పైడయ్య చేతుల్లాగే, గోళ్ల చుట్టూ మట్టి ఇంకిపోయి ఉన్నాయి. మా గుంట పొగ రాకుండా మండుతోందని గురువుల ద్వారా విన్నదట. రమణ స్నేహితుడు, అదే ఆ రోజు గొడవ చూసినాయన, చీపురుపల్లి దగ్గర తన తోటలో ఇలాంటి గుంటే కట్టించాలనుకుంటున్నాడు. తాను కడతానని చిన్నమ్మి వెళ్లి అడిగిందట. ఆడమనిషి పొయ్యి తవ్వడమేమిటని, ఎక్కడ చేశావో చూపించమని అడిగాడట. ఆ పని వస్తే దాన్ని చూసి ఇంకో రెండు వస్తాయి. తండ్రి మంచం మీద ఉన్నాడు, ఇప్పుడు ఇల్లు ఆమె చేతుల మీదే నడవాలి.

"మా అయ్య సేతి పని అని ఆయనకి ఒక్క మాట సెప్పండి బాబూ. అంతే సాలు."

మీ నాన్న చేసినదాన్ని పూడ్పించేశాను కదమ్మా అన్నాను. అయినా తన పేరు చెప్పొద్దని ఆయనే అన్నాడు అన్నాను.

ఆమె నన్ను చూసింది. "పొగొస్తే సెప్పొద్దన్నాడు. రాకపోతే సెప్పొద్దనలేదు గదా?" అంది.

చూద్దాంలే అని పంపేశాను. రెండు రోజులకి రమణ స్నేహితుడే ఫోన్ చేశాడు. మీ గుంటలో ఆ పైడయ్య పని ఏమైనా ఉందా మాస్టారూ అని సూటిగా అడిగాడు. గొయ్యి తవ్వడం తప్ప ఏమీ లేదు, లెక్కంతా నాదే అన్నాను. కావాలంటే నా డ్రాయింగు ఇస్తానన్నాను. ఇచ్చాను. ఆయన వేరే మేస్త్రితో కట్టించుకున్నాడు. చిన్నమ్మికి ఆ పని పోయింది.

నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఇది పెద్దది కాకపోవచ్చు. కానీ ఇంత తేలిగ్గా, కుర్చీలోంచి లేవకుండా చేసిన తప్పు మాత్రం ఇదొక్కటే.

డిసెంబరులో రమణ స్నేహితుడు మళ్లీ ఫోన్ చేశాడు. గొంతు మర్యాదగానే ఉంది. మీ డ్రాయింగులో ఉన్నట్టు అంగుళం తేడా లేకుండా కట్టించాను, కూర్చోలేకపోతున్నాం, పొగతో చచ్చిపోతున్నాం అన్నాడు. ఆఖరున, దానికి గాలి ఎటు నుంచి వస్తుంది మాస్టారూ అని అడిగాడు.

మా కాలేజీ పిల్లలు పరీక్షలో ఆ ప్రశ్నకి జవాబు రాయకపోతే సున్నా వేస్తాను.

మర్నాడు పొద్దున్న గురువుల్ని పిలిచాను. ఇద్దరం గుంటలోకి దిగాం. బిగించి ఉన్న ఇనుప జల్లెడ రెండేళ్లలో మొదటిసారి ఊడదీశాం. కింద పేరుకున్న బూడిద తోడాం. గురువులు ఇటుకలు కట్టి సిమెంటు చేసిన చోట జానెడు వెడల్పున గుండ్రటి రంధ్రం ఉంది. విరిగిన ఇటుక లేదు, రాలిన సిమెంటు లేదు. అంచులు మట్టితో నున్నగా మెత్తి ఉన్నాయి. రంధ్రం ముందు చెయ్యి పెడితే చల్లగా గాలి తగిలింది.

గురువులు మెట్లెక్కి గునపం తెచ్చాడు. బాట రాళ్లు తీశాం. కాంక్రీటు పోసినది పోసినట్టే ఉంది, ఎక్కడా పగలలేదు. దాన్ని కొట్టడానికి మాకు గంట పట్టింది. దాని కింద కాలువ. కంకర లేదు. గూనపెంకులు రెండు వరసలూ ఉన్నాయి. కింది వరస వెల్లకిలా, పై వరస బోర్లా, అంచు మీద అంచు. నిమ్మచెట్టు కింద రాలిన ఆకుల్ని కాలితో తోస్తే అవతలి నోరు కనిపించింది. లోపల సాలెగూడు కూడా లేదు.

"నాను కట్టేను బాబూ. నా సేతుల్తో కట్టేను," అన్నాడు గురువులు, రంధ్రం వైపు చూస్తూ. అతన్ని అనుమానించడానికి వీల్లేదు. అతను కట్టడం నేను చూశాను, ఫోటో ఉంది.

పందికొక్కులు తవ్వి ఉంటాయా అని ఆలోచించాను. పందికొక్కు మట్టి తవ్వుతుంది, పెంకులు పేర్చదు. వానలకి కంకర దిగబడి ఉంటుందా? దిగబడితే బాట కుంగాలి. పైగా పద్దెనిమిది తట్టల కంకర ఎక్కడికి పోయింది? తోటంతా, ప్రహరీ బయట, పక్క స్థలాలు అన్నీ వెతికాను. తట్టెడు కంకర కూడా ఎక్కడా లేదు. పై వరస పెంకుల్ని పైడయ్య గోనెసంచిలో కట్టుకుని వెళ్లడం నేనూ రమణా ఇద్దరం చూశాం.

ఆ మధ్యాహ్నమే స్కూటర్ మీద పైడయ్య ఊరు వెళ్లాను. రెండేళ్లలో మొదటిసారి. ఆయన వసారాలో నులక మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. చిన్నమ్మి పలకరించలేదు, కానీ పీట వేసింది. చూసింది చూసినట్టు చెప్పాను. నేను ఫోన్‌లో ఆడిన అబద్ధం కూడా చెప్పాను.

బెల్లం వాసన సంగతి ఆమె తేల్చేసింది. మట్టికి పట్టు రావడానికి వాళ్ల నాన్న అందులో బెల్లం మడ్డి కలుపుతాడట. కొత్త పొయ్యి నెల రోజులు అలాగే వాసన వేస్తుందట. నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఒక్కదానికైనా కారణం దొరికిందని. కానీ ఆ మట్టి ఎవరు కలిపారు, ఎప్పుడు మెత్తారు అన్నది అలాగే ఉండిపోయింది.

మా ఇంటి నుంచి తెచ్చిన పెంకులు ఎక్కడున్నాయని అడిగాను. పెరట్లో గోడకి ఆనించి ఉండేవి, నాన్న పడిపోయిన రోజుల్లో అవి కనిపించకుండా పోతే ఎవరో పట్టుకుపోయారనుకున్నాం అంది. ఇంకో మాట కూడా చెప్పింది. పడిపోయిన కొత్తలో పది రోజులు ఆయనకి మాట లేదు, తెలివీ సరిగా లేదు. ఎడమ చెయ్యి మాత్రం చాప మీద మట్టి మెత్తుతున్నట్టు ఆడుతూనే ఉండేదట. అది జనవరి నెలాఖరు.

నేను ఈ రెంటినీ కలిపి ఏమీ చెప్పడం లేదు. ఆమె చెప్పింది రాస్తున్నాను.

ఆ ఆదివారమే పైడయ్యను మా తోటకి తీసుకొచ్చాం. కాలువ మీద మళ్లీ మట్టి కప్పాం కానీ, ఈసారి కాంక్రీటు పోయలేదు. ఆటోలోంచి కుర్చీతో సహా గురువులూ రమణా ఎత్తి గొయ్యి అంచున కూర్చోబెట్టారు. నా గొప్పలు విన్న స్టాఫ్ రూము వాళ్లని నలుగుర్ని పిలిచాను. రమణ స్నేహితుణ్ని కూడా పిలిచాను. అందరి ముందూ నిలబడి, ఈ గుంట పైడయ్య గారిది, నేను దాన్ని పాడు చేశాను, బాగుపడ్డాక నాదని చెప్పుకున్నాను అన్నాను. రమణ హాస్యమాడలేదు. వాడు ఊరుకోవడం నేను చూడడం అదే మొదలు.

బెల్లం పొయ్యి కట్టినవాడికి మొదటి బెల్లం ముద్ద చేతిలో పెట్టందే ఇంకెవరూ తినకూడదని వాళ్లలో ఆచారం. విజయ తెచ్చిన బెల్లం నేను ఆయన ఎడమ చేతిలో పెట్టాను. చిన్నమ్మి దిగి మంట వెలిగించింది. కర్రలు అంటుకున్నాయి. నిలువుగా, పొగ లేకుండా.

పైడయ్య మంటని చాలాసేపు చూశాడు. పెదవి ఒక పక్క వంకర పోయినా ఆ మొహంలో సంతోషం అందరికీ కనిపించింది. అడుగున ఆ శబ్దం వినడానికి తల పక్కకి వంచాడు. నేను ఇక చెబుతాడు అనుకున్నాను. ఏం జరిగిందో తెలిసిన మనిషి లోకంలో ఒకడుంటే, అది ఆయనే అనుకుంటూ వచ్చాను.

ఆయన నా వైపు తిరిగాడు. మాట ముద్దగా వచ్చింది, కానీ అందరికీ అర్థమైంది.

"నాను మూసీసేను గదా బాబూ. ముక్కు తమరు తెరిపించినారేటి?"

అవునంటే సరిపోయేది. చివరికి నా తప్పు నేనే దిద్దుకున్నానని ఆ ముసలాయన తృప్తిగా ఇంటికి పోయేవాడు. అక్కడున్నవాళ్లకి కూడా కథ సాఫీగా ముగిసేది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు మావా. నేను కాదు," అన్నాను. ఆయన్ని మావా అనడం అదే మొదటిసారి. "నువ్వే అనుకున్నాను."

కాదన్నట్టు తల ఊపాడు. చేతిలో బెల్లం చిన్న ముక్క కొరికి, మళ్లీ మంట వైపు చూశాడు.

"ఊపిరాడకపోతే ఎవులైనా ఏటి సేస్తారు? ముక్కు అదే తెరుసుకుంటాది," అన్నాడు.

రమణ స్నేహితుడి గుంటకి చిన్నమ్మి ముక్కు పెట్టింది. అది ఇప్పుడు బాగా మండుతోంది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు ఆమెను పిలిచారు. మా నిమ్మచెట్టు కింద గాలి నోటి దగ్గర పచ్చి మట్టిలో ఆమె చేతే పైడయ్య అని రాయించాను. ఇప్పుడు మా తోటకి ఎవరొచ్చినా ముందు అక్కడికి తీసుకెళ్తాను, మంట తర్వాత. మా నేల మీద అంతటి పనివాడి చెయ్యి పడిందని చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుందని విజయ వేళాకోళం చేస్తుంది. అవనీ.

పైడయ్య జవాబు ఫిజిక్స్ చెప్పేవాడికి చాలదు. అంతకన్నా మంచి జవాబు కోసం చాలా వెతికాను. పూడ్చిన కాలువ ఫోటో, తెరిచి ఉన్న కాలువ ఫోటో నా ఫోన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఎవరడిగినా చూపిస్తాను. ఆ రెంటి మధ్యా ఏం జరిగిందో మాత్రం నాకు తెలియదు. తెలియదని చెప్పడం కూడా ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటున్నాను.